ఇరవై ఐదు గంటల ఇంజిన్

రెండో ప్రపంచయుద్ధం మీద తెలుగులో వచ్చే వీడియోలు చూసేవాళ్లకి ఈ కథ కంఠతా వచ్చే ఉంటుంది. జర్మనీవాళ్లు అందరికన్నా ముందు జెట్ యుద్ధవిమానాన్ని రంగంలోకి దింపారు. దాని పేరు మెసర్‌ష్మిట్ 262. వేగం గంటకు 870 కిలోమీటర్లు. అమెరికావాళ్లు గొప్పగా చెప్పుకునే ముస్టాంగ్ దానికి 150 కిలోమీటర్లకు పైగా వెనకబడి ఉండేది. కానీ హిట్లర్ మొండిపట్టు పట్టి, యుద్ధవిమానాన్ని బాంబులు మోసే విమానంగా మార్చమన్నాడు. దాంతో విలువైన కాలం పోయింది. ఆ ఒక్క తప్పు జరక్కపోతే చరిత్ర ఇంకోలా ఉండేది. కింద వ్యాఖ్యల్లో 'జర్మన్ ఇంజనీరింగ్ అంటే అదీ' అని వందమంది రాస్తారు. 'వాళ్లు 1944లో చేసింది మనవాళ్లు ఈనాటికీ చేయలేకపోతున్నారు' అని ఇంకో వందమంది.

ఈ కథను నేను ఒప్పుకోను. ఆ విమానం ఆలస్యమైంది లోహం వల్ల. అంత ఆలస్యంగానైనా అది ఎగిరిందంటే, మరే దేశమూ తన పైలట్ల కింద పెట్టడానికి ఒప్పుకోని ఇంజిన్‌ని జర్మనీ ఒప్పుకుంది కాబట్టి. ఎందుకు ఒప్పుకోగలిగిందో చూస్తే, దాన్ని పొగడటానికి నోరు రాదు. చివరి వ్యాఖ్య, అదే 'మనవాళ్లు చేయలేకపోతున్నారు' అన్నది, నన్ను మరీ బాధపెడుతుంది. అక్కడికీ వస్తాను.

నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం గోదావరి జిల్లాల్లో గ్యాస్‌తో నడిచే విద్యుత్ కేంద్రాల్లో టర్బైన్ల నిర్వహణలో గడిచింది. జెట్ ఇంజిన్‌కీ ఆ టర్బైన్‌కీ మూలసూత్రం ఒకటే. ముందు కంప్రెసర్ గాలిని నొక్కుతుంది, మధ్యలో ఇంధనం మండుతుంది, ఆ వేడి వాయువు వెనకనున్న టర్బైన్ బ్లేడ్లను తిప్పుతుంది, ఆ టర్బైనే మళ్లీ ముందున్న కంప్రెసర్‌ని తిప్పుతుంది. విమానంలో మిగిలిన వాయువు వెనకనుంచి దూసుకుపోయి ముందుకు తోస్తుంది. మా దగ్గర ఆ శక్తి జనరేటర్‌కి పోతుంది. మేం చూసిన పెద్ద యంత్రాల్లో వేడి వాయువు తగిలే భాగాలన్నీ విప్పి పరీక్షించే గడువు 24,000 గంటల ప్రాంతం. ఆ పరీక్షలో బ్లేడు అంచున వెంట్రుకవాసి పగులు కనబడితే ఇంజనీర్లందరి మొహాలూ మాడిపోయేవి. మెసర్‌ష్మిట్ 262 ఇంజిన్‌కి కాగితం మీద రాసిన ఆయుష్షు 25 గంటలు. యుద్ధరంగంలో చాలాసార్లు పది గంటలకే దించేసేవారు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడటం నాకు అలవాటైపోయింది. ఈ వ్యాసం అందులోంచే పుట్టింది.

జెట్ విమానం మొదట ఎగిరింది 1939 ఆగస్టు 27న, యుద్ధం మొదలవడానికి అయిదు రోజుల ముందు. అది హైంకెల్ 178, ఇంజిన్ హాన్స్ ఫాన్ ఓహైన్‌ది. ప్రయోగానికి పనికొచ్చిందే గానీ యుద్ధానికి పనికొచ్చేది కాదు. మెసర్‌ష్మిట్ కంపెనీవాళ్లు మొదలుపెట్టిన 262 విషయంలో మొదటినుంచీ ఒకటే తంతు: విమానం సిద్ధం, ఇంజిన్ లేదు. 1941 ఏప్రిల్ 18న తొలిసారి గాల్లోకి లేచినప్పుడు దానికి ఒక్క జెట్ ఇంజిన్ కూడా లేదు. ముక్కుకి మామూలు పిస్టన్ ఇంజిన్, ప్రొపెల్లర్ తగిలించి ఫ్రిట్జ్ వెండెల్ అనే టెస్ట్ పైలట్ ఎగరేశాడు. మరుసటి ఏడు మార్చి 25న రెక్కల కింద రెండు బీఎండబ్ల్యూ జెట్ ఇంజిన్లు పెట్టారు. నమ్మకం లేక ముక్కున ఉన్న ప్రొపెల్లర్ ఇంజిన్‌ని అలాగే ఉంచారు. అదే అతని ప్రాణం కాపాడింది. కొత్త ఇంజిన్లు రెండూ గాల్లోనే ఆగిపోతే వెండెల్ ఆ పాత ఇంజిన్ మీదే కిందికి దిగాడు.

ఆ విమానం రెక్కలు కొద్దిగా వెనక్కి వాలి ఉంటాయి, 18.5 డిగ్రీలు. ధ్వనివేగం దగ్గర ఎదురయ్యే చిక్కుల్ని ముందే ఊహించి జర్మన్ మేధావులు అలా వాల్చారని చెబుతుంటారు. అసలు సంగతి వేరు. ఇంజిన్ల బరువు అనుకున్నదానికన్నా పెరిగిపోయింది. దాంతో విమానం సమతూకం తప్పింది. దాన్ని సర్దడానికి రెక్కల్ని వెనక్కి వాల్చారు. వేగంలో దానివల్ల ఏదో కాస్త లాభం ఉంటే ఉండవచ్చు, మొదటి కారణం మాత్రం బరువే. అంత పేరుమోసిన ఆ ఆకారం కూడా ఇంజిన్ పెట్టిన ఇబ్బందిలోంచే వచ్చింది.

పూర్తిగా జెట్ ఇంజిన్ల మీద అది ఎగిరిన రోజు 1942 జూలై 18, డాన్యూబ్ ఒడ్డునున్న లైప్‌హైమ్‌లో. ఇంజిన్లు యుంకర్స్ కంపెనీవి, పేరు యుమో 004. అప్పటి నమూనాకు ముక్కు కింద చక్రం లేదు, తోక కింద ఉండేది. విమానం తోక దించుకుని పరిగెడుతుంటే వెనకనున్న ఎలివేటర్‌కి, అంటే తోకను పైకీ కిందికీ ఆడించే పలకకి, గాలి సరిగా తగలదు, తోక పైకి లేవదు. వెండెల్ గంటకు 180 కిలోమీటర్ల దగ్గర బ్రేకుని ఒక్కసారి తాకించాడు. ముక్కు కిందికి వంగింది, తోక లేచింది, విమానం గాల్లోకి ఎక్కింది. రన్‌వే అయిపోవస్తుండగా బ్రేకు వేసి విమానాన్ని పైకి లేపడానికి ఎంత గుండె కావాలో! మరుసటి ఏడాది మే 22న యుద్ధవిమానాల జనరల్ అడాల్ఫ్ గాలాండ్ దాన్ని నడిపి, దేవదూత వెనకనుంచి తోస్తున్నట్టుందన్నాడు. ఆ మాట లోకమంతా పాకింది. ఆ దేవదూత ఎన్ని గంటలు తోయగలడన్న ప్రశ్న మాత్రం యుంకర్స్ కంపెనీ ఉన్న డెస్సావులో ఒక ఇంజనీరు నెత్తిన పడింది.

ఆయన పేరు అన్‌సెల్మ్ ఫ్రాంజ్, ఆస్ట్రియావాడు. యుమో 004 ఆయనదే. ముందు ఎనిమిది అంచెల కంప్రెసర్, మధ్యలో ఆరు దహన గదులు, వెనక ఒకే ఒక అంచె టర్బైన్. ఈనాటి విమానాల్లో ఉన్నట్టే గాలి ముందునుంచి వెనక్కి తిన్నగా పోయే అమరిక. మొదటి నమూనా 004 ఏ బాగానే నడిచింది. ఎందుకంటే నికెల్, కోబాల్ట్, మాలిబ్డినం కావలసినంత వాడి దాన్ని చేశారు. అక్కడే చిక్కొచ్చింది. ఆ లోహాలు జర్మనీలో లేవు. ఉన్న కాస్తా టాంకుల కవచాలకీ, పనిముట్లకీ పోతుంది. ప్రపంచంలో నికెల్‌కి పెద్ద నిధి కెనడాలోని సడ్‌బరీ, అది అవతలి పక్షం చేతిలో. జర్మనీకి ఫిన్లండ్ ఉత్తరాన పెట్సామో గనులు ఆధారం, 1944 అక్టోబరులో అవీ పోయాయి. కాబట్టి ఫ్రాంజ్‌కి వచ్చిన ఆదేశం: ఆ లోహాలు దాదాపు లేకుండా ఇదే ఇంజిన్ చేసి చూపించు.

టర్బైన్ బ్లేడు అంటే ఏమిటో తెలిస్తేనే ఆ ఆదేశం ఎంత కఠినమైందో అర్థమవుతుంది. ఆ ఇంజిన్లో బ్లేడ్లకు తగిలే వాయువు వేడి 775 డిగ్రీల సెల్సియస్ దాకా ఉండేది. ఆ వేడిలో నిమిషానికి 8,700 చుట్లు తిరుగుతుంటే ఒక్కో బ్లేడునీ దాని బరువుకు వేల రెట్ల బలం బయటికి లాగుతూ ఉంటుంది. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుము సుత్తి దెబ్బకి ఎలా సాగుతుందో మన ఊళ్లలో అందరూ చూసిందే. బ్లేడుని సుత్తి కొట్టదు, అది తిరిగే వేగమే లాగుతుంది. గంటగంటకీ పిసరంత పొడుగవుతుంది. దీన్ని మేం క్రీప్ అంటాం. ఓ రోజు చుట్టూ ఉన్న కవచాన్ని ఒరుసుకుంటుంది, లేదా మొదలంటా తెగుతుంది. తెగిన ముక్క పక్కవాటిని నరుక్కుంటూ పోతుంది. నికెల్, క్రోమియం కలిపిన మిశ్రలోహాలు ఈ సాగుడుని ఎదిరిస్తాయి. మామూలు ఉక్కు ఎదిరించలేదు.

ఫ్రాంజ్ బృందం చేసింది చూస్తే నాకు ఈరోజుకీ గౌరవం కలుగుతుంది. ఇంజిన్లో వేడి భాగాలను చాలావరకు మామూలు మెత్తని ఉక్కు రేకుతో చేసి, తుప్పు పట్టి కాలిపోకుండా పైన అల్యూమినియం పూత పూశారు. టర్బైన్ బ్లేడుని లోపల బోలుగా చేసి, కంప్రెసర్‌నుంచి తెచ్చిన గాలిని అందులోంచి పంపి చల్లబరిచారు. బ్లేడ్లలో గాలి ఆడించి చల్లబరచడం ఇవాళ ప్రతి పెద్ద ఇంజిన్లోనూ ఉంది. వాళ్లు గత్యంతరం లేక అప్పుడే ఆ దారి పట్టారు. నికెల్ ఉన్న టినిడుర్ అనే లోహం కూడా కరువైతే, నికెల్ బదులు మాంగనీసు వాడిన క్రోమాడుర్ తెచ్చారు. చివరి 004 బి రకంలో ఇంజిన్ మొత్తం మీద వాడిన క్రోమియం రెండుంపావు కిలోలను మించదు. ముప్పాతిక టన్ను బరువున్న ఇంజిన్లో!

1943లో ఇంకో ఆపద వచ్చింది. బ్లేడ్లు ఉన్నట్టుండి విరగడం మొదలైంది. ఆరు దహన గదుల్నుంచి వచ్చే వాయువు తాకిడి, పూర్తి వేగంలో బ్లేడు సహజ కంపనంతో శ్రుతి కలిసిపోతోంది. ఏ బ్లేడు ఏ శ్రుతిలో మోగుతుందో తెలుసుకోవడానికి ఒక వయొలిన్ విద్వాంసుణ్ణి పిలిపించి, బ్లేడ్ల మీద కమాను నడిపించి చెవితో కనుక్కున్నారని చెబుతారు. చివరికి బ్లేడు పొడవు ఒక మిల్లీమీటరు తగ్గించి, అంచువైపు మరికాస్త సన్నం చేసి, వేగాన్ని 9,000 చుట్ల నుంచి 8,700కి దించారు. విరగడం ఆగింది. కానీ ఇదంతా తేలి, ఇంజిన్ కారఖానాలకు వెళ్లడానికి ఖాయమైన రూపం వచ్చేసరికి 1944 జూన్ అయింది. నార్మండీ తీరంలో మిత్రపక్షాల సైన్యం దిగిన నెల అది.

ఇప్పుడు హిట్లర్ కథకి వద్దాం. 1943 నవంబరు 26న ఇన్‌స్టర్‌బర్గ్‌లో ఆ విమానాన్ని అతనికి చూపించారు. ఇది బాంబులు మోస్తుందా అని అడిగాడు. మోస్తుందని విల్లీ మెసర్‌ష్మిట్ తలూపాడు. 1944 మే నెలలో, ఒక్కటి కూడా బాంబర్‌గా తయారు కావడం లేదని తెలిసి మండిపడి, ముందు బాంబర్లే చేయమన్నాడు. నవంబరుకల్లా ఆ ఆజ్ఞ సడలిపోయింది. ఈ తేదీలను ఇంజిన్ తేదీల పక్కన పెట్టండి. హిట్లర్ కోపం వచ్చిన మే నెలకి ఇంజిన్లే లేవు. జూన్‌లో మొదలైన ఉత్పత్తి వేగం అందుకోవడానికి మరికొన్ని నెలలు పట్టింది. ఖాళీ విమానాలు ఇంజిన్ల కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాయి. అతను ఆ ఆజ్ఞ ఇవ్వకపోయినా పోరాడే విమానాల సంఖ్య పెద్దగా మారేది కాదు. యుద్ధం ముగిశాక బతికి బయటపడ్డ జనరళ్లు మాత్రం తప్పంతా చచ్చిపోయినవాడి మీదికి తోశారు. అలా తోయడంలో వాళ్లకో సౌకర్యం ఉంది: 'మేం సమర్థులం, మా యంత్రం గొప్పది, ఒక పిచ్చివాడు చెడగొట్టాడు' అనుకోవచ్చు. ఎనభై ఏళ్ల తరవాత మనం ఆ మాటల్నే నేపథ్య సంగీతంతో వింటున్నాం.

అదే సమయంలో బ్రిటన్ ఏం చేస్తోందో చూడాలి. ఫ్రాంక్ విటిల్ జెట్ ఇంజిన్‌కి పేటెంట్ కోరింది 1930లో. ఆయన ఇంజిన్‌తో విమానం ఎగిరింది 1941 మే 15న. గ్లోస్టర్ మీటియర్ జెట్ విమానాలు బ్రిటిష్ వాయుసేన 616 స్క్వాడ్రన్‌కి చేరింది 1944 జూలైలో. అంటే రెండు దేశాల మధ్య తేడా వారాల్లోనే. మీటియర్ మొదట్లో 262 కన్నా నెమ్మదైనదే, సందేహం లేదు. కానీ బ్రిటిష్‌వాళ్ల దగ్గర నికెల్ ఉంది. నిమోనిక్ అనే నికెల్-క్రోమియం మిశ్రలోహాన్ని బ్లేడ్ల కోసమే తయారుచేసుకున్నారు. వాళ్ల ఇంజిన్ జర్మన్ ఇంజిన్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కాలం నిలిచింది. పైగా ఆ విమానాల్ని శత్రుభూమి మీదికి పోనివ్వలేదు, జర్మనీ తమ మీదికి వదిలే వీ-1 ఎగిరే బాంబుల్ని తమ గగనంలోనే కూల్చడానికి పెట్టారు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న లెక్క తేల్చేటప్పుడు ఇదంతా లెక్కలోకి రావాలి. పాతిక గంటల ఇంజిన్‌ని నమ్మి మనుషుల్ని పైకి పంపడానికి ఒప్పుకుంటే ఎవరైనా కొంచెం ముందే పంపగలరు.

పైలట్లకి ఆ ఒప్పుకోలు ఏం చేసిందో క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఆకాశయుద్ధం గురించి ఇప్పటికే కావలసినంత రాశారు. ఇంజిన్ వేగం పెంచే థ్రాటిల్‌ని కాస్త తొందరగా ముందుకి తోస్తే ఇంజిన్ ఆరిపోయేది, లేదా మంటలు లేచేవి. నెమ్మదిగా, ఓపికగా వేగం పెంచాలి. అందుకని పైకి లేచేటప్పుడూ, దిగేటప్పుడూ ఆ విమానం నిస్సహాయంగా ఉండేది. అమెరికన్ పైలట్లు ఆ కిటుకు పట్టేసి, విమానాశ్రయాల చుట్టూ మాటువేసి దిగుతున్నవాటిని కొట్టేవారు. ఆఖ్మెర్, హెసెపెల నుంచి పనిచేసిన తొలి దళానికి నాయకుడు వాల్టర్ నొవోత్నీ, వయసు ఇరవై మూడు, అప్పటికే 258 విమానాలు కూల్చినవాడు. 1944 నవంబరు 8న ఇంజిన్ పోయిందని రేడియోలో చెప్పి, తన విమానాశ్రయం దగ్గర్లోనే కూలి చనిపోయాడు. 262లు పెద్ద ఎత్తున దాడి చేసిన రోజు 1945 మార్చి 18. బెర్లిన్ మీదికి 1,221 అమెరికన్ బాంబర్లు, వాటికి కాపుగా 632 యుద్ధవిమానాలు వచ్చాయి. ఎదురు వెళ్లిన 262లు 37. పన్నెండు బాంబర్లనీ ఒక యుద్ధవిమానాన్నీ కూల్చి, మూడింటిని పోగొట్టుకున్నాయి. నిష్పత్తి చూస్తే అద్భుతమే. మిగతా పన్నెండు వందల బాంబర్లూ చెయ్యాల్సిన పని చేసి వెనక్కి వెళ్లిపోయాయి. యుద్ధం ముగిసేలోగా దాదాపు 1,430 విమానాలు తయారైతే, ఏ రోజు చూసినా ఎగరగల స్థితిలో ఉన్నవి రెండు మూడు వందలకు మించలేదు.

ఎగరడానికి సిద్ధంగా లేనివి ఎక్కడుండేవి, అసలు అవి ఎక్కడ తయారయ్యాయి? వీడియోల్లో ఈ భాగం రాదు. వచ్చినా ఒక వాక్యంలో దాటేస్తారు. నేను అలా దాటలేను.

ఫ్రాంజ్ ఇంజిన్‌ని అరుదైన లోహాలు లేకుండా, రేకు మడిచి, అతుకులు వేసి, తక్కువ పనిగంటల్లో అయ్యేలా రూపొందించారని చెప్పాను. పిస్టన్ ఇంజిన్ చేయడానికి ఏళ్లతరబడి నేర్చుకున్న పనివాడు కావాలి. ఈ జెట్ ఇంజిన్‌లోని చాలా భాగాలకు అంత నేర్పు అక్కర్లేదు. కొద్దిపాటి శిక్షణతో ఎవరిచేతైనా చేయించవచ్చు. యంత్రనిర్మాణ దృష్టితో ఇది గొప్ప గుణం. 1944 జర్మనీలో ఆ 'ఎవరిచేతైనా' అన్నమాటకి అర్థం, నిర్బంధ శిబిరాల ఖైదీలు. యుంకర్స్ కంపెనీ యుమో ఇంజిన్లని నోర్డ్‌హౌసెన్ దగ్గర కొండ కింద సొరంగాల్లో కూడా చేయించింది. వీ-2 రాకెట్లు తయారైన ఆ సొరంగాలే అవి.

విమానం దేహాల సంగతి ఇంకా ఘోరం. ఆస్ట్రియాలో మౌట్‌హౌసెన్ శిబిరానికి అనుబంధంగా గూసెన్ అనే చోట 1944లో రెండో శిబిరం తెరిచారు. పక్కనే సాంక్ట్ గేయోర్గెన్ ఊరి కింద ఖైదీల చేత సొరంగాలు తవ్వించారు. ఆ సొరంగాలకు రహస్యనామం బెర్గ్‌క్రిస్టల్, అంటే స్ఫటికం. అంత అందమైన పేరు పెట్టిన చోట మనుషులు ఇసుకరాయి ధూళి పీలుస్తూ, దెబ్బలు తింటూ, ఆకలితో రాలిపోతూ 262 దేహాలు వందల సంఖ్యలో తయారుచేశారు. తూరింగియాలో కాలా ఊరి దగ్గర వాల్పెర్స్‌బెర్గ్ కొండని తొలిచి మరో కారఖానా పెట్టారు. ఇటలీ నుంచి, తూర్పు యూరప్ నుంచి పట్టుకొచ్చిన వేలమంది అక్కడ వెట్టి చేశారు. కింద తయారైన విమానాన్ని వాలుదారి మీద కొండ నెత్తికి లాగి, చదును చేసిన శిఖరం మీదనుంచి ఎగరేసేవారు. అంతా చేసి అక్కడినుంచి ఎగిరిన విమానాలు ముప్పై కూడా దాటలేదు.

బవేరియాలో లాండ్స్‌బెర్గ్ చుట్టూ కౌఫెరింగ్ పేరుతో దాహావు శిబిరానికి అనుబంధ శిబిరాలు వెలిశాయి. పని: బాంబులకు చెక్కుచెదరని మహా కాంక్రీటు గోపురాలు కట్టడం. వాటి కింద 262లు చేయాలని పథకం. ఇరవై వేలకు పైగా ఖైదీలు, ఎక్కువమంది హంగరీ, లిథువేనియాల యూదులు, మట్టిలో సగం పూడ్చిన గుడిసెల్లో పడుకుని, పగలూ రాత్రీ సిమెంటు బస్తాలు మోశారు. వేలమంది చనిపోయారు. తెలుగు పాఠకుల్లో చాలామందికి తెలిసిన వియన్నా మనోవైద్యుడు విక్టర్ ఫ్రాంక్ల్ కొంతకాలం ఖైదీగా ఉన్నది ఆ శిబిరాల్లోనే. ఆయన అనుభవాల గురించి చదివి కంటతడి పెట్టుకున్న మనం, ఆ శిబిరం ఏ విమానం కోసం వెలిసిందో తెలియకుండా ఇంకో చోట అదే విమానాన్ని మెచ్చుకుంటున్నాం. ఆ గోపురాల కింద ఒక్క 262 కూడా పూర్తికాకుండానే 1945 ఏప్రిల్‌లో అమెరికన్ సైన్యం వచ్చింది.

మ్యూనిక్‌లోని డాయిచెస్ మ్యూజియంలో ఒక 262 ఉంది. 1945 ఏప్రిల్ 25న ఒక పైలట్ దాన్ని స్విట్జర్లండ్‌లోని డ్యూబెన్‌డోర్ఫ్‌లో దింపాడు, 1957లో స్విస్‌వాళ్లు దాన్ని జర్మనీకి తిరిగిచ్చారు. మా అబ్బాయి ఆ దేశంలో చదువుకుంటున్నప్పుడు నన్ను తీసుకెళ్లాడు. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. సొరచేప లాంటి ఆ దేహం నిజంగా అందంగా ఉంది, అది అబద్ధం చెప్పలేను. నా చూపు మాత్రం రేకుల అతుకుల దగ్గర, రివెట్ల వరసల దగ్గర ఆగిపోయింది. కొన్ని వరసలు తిన్నగా లేవు. నా కింద పనిచేసిన ఫిట్టర్ ఎవరైనా అలా చేస్తే అడిగేవాణ్ణి. అక్కడ ఎవర్ని అడగను? ఆ రివెట్ వేసిన చెయ్యి ఎవరిదో, ఆ పూట ఆ మనిషి ఏమైనా తిన్నాడో లేదో!

కొందరు మిత్రులు అంటారు: యంత్రాన్ని యంత్రంగా చూడు, రాజకీయం వేరు, ఇంజనీరింగ్ వేరు. ముప్పై ఏళ్లు యంత్రాల మధ్య బతికినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఈ విమానం విషయంలో వాటిని విడదీయడం కుదరదు. ఒక ఇంజిన్‌కి ఎన్ని గంటల ఆయుష్షు చాలు అన్నది ఇంజనీరింగ్ నిర్ణయమే. దాన్ని ఎంత నేర్పున్నవాళ్లు చేయాలి, ఎన్నాళ్లు పరీక్షించాలి, ఆగిపోతే పైలట్ ఏమవుతాడు అన్నవీ ఇంజనీరింగ్ నిర్ణయాలే. 262లో ఈ ప్రశ్నలన్నిటికీ దొరికిన జవాబు ఒకటే: మనిషి పోతే పోయాడు. పాతిక గంటలు చాలన్న లెక్క వెనకాల, పాతిక గంటల తరవాత ఇంకొక ఇంజిన్ తెచ్చి పెట్టడానికి జీతం లేని, లెక్కలేని చేతులున్నాయి. ఆ చేతులు లేకపోతే ఆ రూపకల్పనకి అర్థమే లేదు.

యుద్ధం తరవాత ఎవరికీ పెద్దగా ఏమీ కాలేదు. ఫ్రాంజ్ అమెరికా వెళ్లి లైకమింగ్ కంపెనీలో చేరాడు. వియత్నాంలో తిరిగిన హ్యూయీ హెలికాప్టర్ల ఇంజిన్, అబ్రామ్స్ టాంకు ఇంజిన్ ఆయన బృందానివే. విల్లీ మెసర్‌ష్మిట్‌ని 1948లో విచారించి, నాజీల 'వెంట నడిచినవాడు' మాత్రమే అని తేల్చారు. ఆయన స్పెయిన్‌లో మళ్లీ విమానాల పని పట్టాడు. ఫోకె-వుల్ఫ్ విమానాల రూపకర్త కుర్ట్ టాంక్ అర్జెంటీనా మీదుగా 1956లో బెంగళూరు వచ్చి, హిందుస్థాన్ విమాన కర్మాగారంలో మన ఇంజనీర్లతో కలిసి హెచ్ఎఫ్-24 మారుత్ గీశాడు.

ఇక్కడ మళ్లీ అదే కథ, ఈసారి మన గడ్డ మీద. మారుత్ 1961 జూన్ 17న ఎగిరింది. ధ్వనివేగానికి రెట్టింపు దాకా పోవాలని గీసిన దేహం అది. దానికోసం అనుకున్న బ్రిటిష్ ఆర్ఫియస్ ఇంజిన్ బలమైన రకం రానేలేదు, దాని ఖర్చు భారతదేశం భరించడానికి ఒప్పుకోలేదు. చివరికి ఆఫ్టర్‌బర్నర్ (వెనక అదనంగా ఇంధనం మండించి తోపు పెంచే భాగం) లేని మామూలు ఆర్ఫియస్ 703 రెండు పెట్టి సరిపెట్టారు. ఆ విమానం ధ్వనివేగాన్ని దాటడానికే ఆయాసపడింది. మెసర్‌ష్మిట్ స్పెయిన్‌లో మొదలుపెట్టి ఈజిప్టుకి తరలించిన హెచ్ఏ-300 యుద్ధవిమానానికీ ఇంజిన్ సమయానికి అందలేదు. అది కూడా అదే ఆర్ఫియస్ 703తో 1964 మార్చి 7న హెల్వాన్‌లో తొలిసారి ఎగిరింది. నడిపిన పైలట్ మన వాయుసేన టెస్ట్ పైలట్ కపిల్ భార్గవ. ఆ విమానం కోసం ఈజిప్టులో తయారవుతున్న ఇంజిన్‌ని మారుత్‌లో వాడుకుందామని మనమూ ఆశపడ్డాం, ఒక మారుత్‌ని పరీక్షలకని అక్కడికి పంపాం. 1969లో ఈజిప్టు ఆ పని మానేసింది. 147 మారుత్‌లు మనకు సేవచేసి వెళ్లిపోయాయి, 1971 యుద్ధంలో లోంగేవాలా దగ్గర మంచి పేరే తెచ్చుకున్నాయి. కానీ ఆ విమానానికి తగిన ఇంజిన్ మాత్రం దానికి చివరిదాకా దొరకలేదు.

అందుకే, 'జర్మనీవాళ్లు 1944లో చేశారు, మనం కావేరీ ఇంజిన్ ఇన్నేళ్లయినా చేయలేకపోయాం' అని ఎవరైనా అంటే నేను వెంటనే అడ్డుపడతాను. మన తేజస్ యుద్ధవిమానం కోసం తలపెట్టిన కావేరీ లక్ష్యాన్ని అందుకోలేదన్నది నిజం, 2008లో తేజస్ నుంచి దాన్ని విడదీశారు, తేజస్ అమెరికన్ ఇంజిన్‌తో ఎగురుతోంది. ఆ పథకం మీద విమర్శ నాకూ ఉంది. డబ్బు, పరీక్షా సదుపాయాలు, నిర్ణయాల వేగం, అన్నిట్లోనూ లోపాలున్నాయి. కానీ 1944తో పోల్చడం అన్యాయం. పాతిక గంటల ఇంజిన్ కావాలంటే మన వాళ్లు ఎన్నడో ఇచ్చేవారు. ఇవాళ యుద్ధవిమానం ఇంజిన్లో బ్లేడ్లకు తగిలే వాయువు, ఆ బ్లేడు లోహం కరిగే వేడికన్నా ఎక్కువ వేడిగా ఉంటుంది. అలాంటి మంటలో వేల గంటలు తిరగాలి, లోపల పైలట్ ఉండాలి, అతను ఇంటికి రావాలి.

అలాంటి బ్లేడు పోతపోయడం నేర్చుకుంటున్నవాళ్లు హైదరాబాదులోనే ఉన్నారు. 1960లలో, ఆగిరిపల్లిలో పుట్టిన భౌతికశాస్త్రవేత్త సూరి భగవంతం రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా ఉన్న కాలంలో ఇక్కడ నిలదొక్కుకున్న రక్షణ లోహ పరిశోధనశాల, డీఎంఆర్‌ఎల్, కంచన్‌బాగ్‌లో ఉంది. ఆ పక్కనే ప్రత్యేక మిశ్రలోహాలు పోసే మిధాని. మామూలు పోతలో లోహం వేల చిన్న స్ఫటికాలుగా గడ్డకడుతుంది, వేడిలో సాగుడు ఆ స్ఫటికాల సరిహద్దుల దగ్గరే మొదలవుతుంది. కాబట్టి మొత్తం బ్లేడు ఒకే ఒక స్ఫటికంగా గడ్డకట్టేలా పోస్తారు. అచ్చుని కొలిమిలోంచి అతి నెమ్మదిగా కిందికి దించుతూ, అడుగునుంచి పైకి ఒక్క స్ఫటికమే పెరిగేలా చూడాలి. ఉష్ణోగ్రత కాస్త అటూ ఇటూ అయితే ఆ బ్లేడు పనికిరాదు. ప్రపంచంలో కొద్ది దేశాలకే వచ్చిన విద్య ఇది. 2021లో డీఎంఆర్‌ఎల్ అలాంటి 60 బ్లేడ్లు హెలికాప్టర్ ఇంజిన్ కోసం హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌కి ఇచ్చింది. మొత్తం 300, అంటే అయిదు సెట్లు ఇవ్వాలన్నది పథకం. ఆ వార్త పేపర్లో వచ్చిన రోజు నేను మా పాత సహోద్యోగులందరికీ ఫోన్ చేశాను. ఎవరికీ పెద్దగా చెప్పనక్కర్లేదు. అరవై బ్లేడ్లంటే ఎంత పనో, వాటి ముందు ఎన్ని పోతలు పనికిరాకుండా పోయి ఉంటాయో వాళ్లకి తెలుసు.